మరకను తుడవని మనిషి: సర్ విలియం రాబర్ట్ గ్రోవ్

మెరుగు పెట్టిన వెండిరేకు మీద చిన్న మరక పడితే సామాన్యంగా మనమందరం చేసే పని ఒక్కటే. మెత్తని గుడ్డ తెచ్చి తుడిచివేస్తాము. మరక పోయి మెరుపు తిరిగి వచ్చిందంటే మనకు తృప్తి. ఆ మరక ఎలా వచ్చినది, ఆ చోటనే ఎందుకు పడినది, దానికి ఆ రంగులెక్కడివి అని ఆగి ఆలోచించేవారు వేయిమందిలో ఒకరుండడం కష్టం. 1852లో లండన్ నగరంలో అటువంటి వ్యక్తి ఒకరుండేవారు. ఆయన వృత్తి న్యాయవాదం. వెండిరేకుపై ఆయన చూసిన చిన్న మరకనుండి బయలుదేరిన ప్రశ్నకు తృప్తికరమైన సమాధానం లభించడానికి నూరేండ్లకు పైగా పట్టినది. ఆయన పేరు విలియం రాబర్ట్ గ్రోవ్.

ఇంధన ఘటాన్ని కనుగొన్న శాస్త్రజ్ఞుడుగా గ్రోవ్ పేరు సైన్సు విద్యార్థులకు పరిచితమే. తెలుగు పాఠాలు చెప్పుకునే నావంటివాడు ఒక భౌతిక శాస్త్రజ్ఞుని జీవితాన్ని వ్రాయబూనడం సాహసమని నాకు తెలియును. ఐతే ఆయన చరిత్ర చదివినకొద్దీ అది కేవలం సైన్సు విద్యార్థులకు మాత్రమే చెందినది కాదనిపించినది. మన కళాశాలలో చేరిన తొలిరోజునే విద్యార్థి తాను ఆర్ట్సువాడో, సైన్సువాడో తేల్చుకొంటాడు. ఆనాటినుండి రెండవ వైపు తలుపు మూసుకొంటాడు. గ్రోవ్ ఆ రెండు తలుపులనూ జీవితాంతం తెరచియుంచినవాడు. అందువల్ల ఆయనకు కలిగిన లాభమెంత, నష్టమెంత అన్నది ఆలోచించదగిన విషయం.

బాల్యము, విద్య

గ్రోవ్ 1811 జులై 11వ తేదీన వేల్స్ దేశంలోని స్వాన్సీ పట్టణంలో జన్మించారు. తండ్రి జాన్ గ్రోవ్ స్థానికంగా మేజిస్ట్రేటు పదవిని నిర్వహించిన పెద్దమనిషి. ఆ రోజులలో స్వాన్సీ రాగికి రాజధాని. కార్న్‌వాల్ గనులనుండియే కాక, సముద్రాలకు ఆవలనున్న చిలీ, క్యూబా దేశాలనుండి కూడ రాగి ఖనిజం ఓడలలో అక్కడికి వచ్చేది. రాత్రింబగళ్ళు కొలుములు మండుతుండేవి. ఖనిజం కరగడం, లోహం వేరుపడడం, నిప్పులోనుంచి మెరిసే రేకు వెలువడడం ఆ ఊరి బాలురకు నిత్యదృశ్యాలు. లోహాలతో గ్రోవ్ గావించిన జీవితకాలపు స్నేహానికి అటువంటి ఊరిలో పుట్టడం తగిన ప్రారంభమే.

ఆక్స్‌ఫర్డులోని బ్రేజనోస్ కళాశాలలో ఆయన పట్టభద్రులైనారు. 1835లో లండన్‌లోని లింకన్స్ ఇన్ ద్వారా న్యాయవాదిగా నమోదైనారు. కాని ఆరోగ్యం సహకరించలేదు. కోర్టు పనిని కొంతకాలం పక్కన పెట్టవలసి వచ్చినది. మరొకరైతే ఆ విరామాన్ని దురదృష్టమని తలపోసి దిగులుపడి ఉండేవారు. గ్రోవ్ దానిని ప్రయోగశాలగా మార్చుకొన్నారు. స్వాన్సీలో దక్షిణ వేల్స్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌గా రూపొందిన విజ్ఞాన సంస్థ స్థాపకులలో ఆయనకూడ ఒకరు. 1837లో ఎమ్మా మరియా పౌల్స్‌ను వివాహమాడారు.

రెండు విద్యుద్ఘటాలు

1839లో గ్రోవ్ ఒక కొత్త విద్యుద్ఘటాన్ని లోకానికి పరిచయం చేశారు. సజల గంధకామ్లంలో జింకు, గాఢ నత్రికామ్లంలో ప్లాటినం, రెంటి నడుమ సన్నని రంధ్రాలుగల మట్టిపాత్ర. అంతవరకు వాడుకలోనున్న డేనియల్ ఘటం సుమారు 1.1 వోల్టులు మాత్రమే ఇవ్వగా, గ్రోవ్ ఘటం సుమారు 1.9 వోల్టులు ఇచ్చేది. పైగా బలమైన విద్యుత్ ప్రవాహం లభించేది. అమెరికాలో తొలినాటి తంతి కార్యాలయాలు చాలకాలం ఈ ఘటాన్నే నమ్ముకొన్నాయి. ఐతే దానినుండి వెలువడే గోధుమరంగు పొగ విషపూరితమైనది. ఆ కారణంచేత అది క్రమంగా మూలపడినది.

రెండవ ఘటం చరిత్ర ఇందుకు విరుద్ధం. పుట్టిననాడు ఎవరికీ అక్కరకు రాలేదు. నీటిలోనికి విద్యుత్తును పంపితే ఉదజని, ఆమ్లజని వాయువులు విడిపోతాయని అందరికీ తెలిసినదే. ఆ రెండు వాయువులను తిరిగి కలిపితే విద్యుత్తు ఎందుకు రాకూడదని గ్రోవ్ ఆలోచించారు. ప్లాటినం పట్టీలు అమర్చిన గాజుగొట్టాలలో ఒకదానియందు ఉదజనిని, మరొకదానియందు ఆమ్లజనిని నింపి, వాని కొనలను సజల గంధకామ్లంలో ముంచారు. విద్యుత్తు ప్రవహించినది. 1839లో సూచనగా ప్రకటించిన ఈ విషయాన్ని 1842లో 50 ఘటాలు వరుసగా కూర్చి నిరూపించారు. బాసెల్ నగరంలోని ఆచార్యుడు షోన్‌బైన్ కూడ అదే కాలంలో అదే దిశలో పయనిస్తున్నారు. వీరిద్దరి నడుమ స్పర్ధకు బదులు స్నేహం వర్ధిల్లినది. నూరేండ్లు దాటిన పిమ్మట, 1960వ దశకంలో, అమెరికా అంతరిక్ష నౌకలలో విద్యుత్తును, త్రాగునీటిని సమకూర్చినది ఈ ఇంధన ఘటపు వంశాంకురమే.

ఈ ప్రయోగంలో గ్రోవ్ గమనించిన ఒక సూక్ష్మాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. వాయువు, ద్రవం, ప్లాటినం ఈ మూడూ కలిసే చోటనే అసలు చర్య జరుగుతున్నదని ఆయన కనిపెట్టారు. లోహం ఎంత బరువున్నదన్నది ముఖ్యం కాదు, దాని ఉపరితలం ఎంత అన్నదే ముఖ్యం. వస్తువుల లోపలి స్వభావాన్ని వెదకుతున్న ఆ యుగంలో వస్తువుల పైపొరనుగూర్చి శ్రద్ధ వహించిన కొద్దిమందిలో ఆయన ఒకరు. పదేండ్ల తరువాత మరకను చూసి ఆగిపోయిన చూపు అప్పుడే తయారైనదన్నమాట.

ఆచార్య పదవి

1840లో రాయల్ సొసైటీ గ్రోవ్‌ను సభ్యునిగా ఎన్నుకొన్నది. 1841లో లండన్ ఇన్‌స్టిట్యూషన్‌లో ప్రయోగాత్మక విజ్ఞానశాస్త్ర ఆచార్యులుగా నియమితులై 1846వరకు పనిచేశారు. అక్కడి ఉపన్యాసాలనుండియే ఆయన ప్రసిద్ధ గ్రంథం వెలువడినది. వేడిమి, వెలుగు, విద్యుత్తు, అయస్కాంతత్వం, రసాయనిక ఆకర్షణ, చలనం ఇవి వేరు వేరు శక్తులు కావనీ, ఒకటి మరొకటిగా మారగలదనీ 1846లో ప్రచురించిన ఆ గ్రంథంలో ప్రతిపాదించారు. మేయర్, జౌల్, హెల్మ్‌హోల్ట్స్ వంటివారు లెక్కలతో, కొలతలతో అదే కాలంలో శక్తి నిత్యత్వ నియమాన్ని నిర్మిస్తున్నారు. గ్రోవ్ వద్ద అంతటి గణితం లేదు. కాని విషయాన్ని సామాన్యులకు బోధపరచిన ఘనతలో ఆయన వాటా తక్కువది కాదు.

ఆయన మానవతకు నిదర్శనమైన ప్రయత్నం మరొకటి కలదు. బొగ్గుగనులలో నూనెదీపపు మంటవల్ల ప్రేలుడు సంభవించి కార్మికులు మరణిస్తుండేవారు. గాలి చొరని గాజుపాత్రలో ప్లాటినం తీగెను విద్యుత్తుతో వెలిగించి గనులలో దీపంగా వాడవచ్చునని 1845లో ఆయన సూచించారు. ఘటాలకయ్యే ఖర్చు భరింపరానిది కావడంచేత అది ఆచరణలోనికి రాలేదు.

రాయల్ సొసైటీలో శాస్త్రంతో సంబంధం లేని సంపన్నులు సభ్యులుగా చేరిపోవడం గ్రోవ్‌కు నచ్చలేదు. ఏటేటా ఎన్నుకొనే సభ్యుల సంఖ్యను 15కు పరిమితం చేసిన 1847నాటి సంస్కరణకు నడుము కట్టినవారిలో ఆయన ప్రముఖులు. ఆ ఏడాదే సొసైటీవారి రాయల్ పతకం ఆయనకు లభించినది.

కాని కీర్తి కుటుంబాన్ని పోషించదు. ఇంట సంతానం పెరుగుతున్నది. ఆచార్య పదవివల్ల లభించే రాబడి చాలదు. 1846లో ఆ పదవిని విడిచి, గ్రోవ్ తిరిగి నల్లకోటు ధరించారు. పగలు కోర్టులో వాదన, తీరిక దొరికినపుడు ప్రయోగం అన్న పద్ధతి ఆనాటినుండి మొదలైనది.

వెండిరేకు మీది మరక

ఇక అసలు ఘట్టానికి వద్దాము. ఆనాటి ఛాయాచిత్రాలను వెండిపూత పూసిన రాగిరేకులపై తీసేవారు. ఆ చిత్రాలను విద్యుత్తు సహాయంతో రేకుపై చెక్కే పద్ధతిని గ్రోవ్ 1841లోనే కనుగొన్నారు. కనుక అటువంటి రేకు ఎలా మెరుస్తుందో, ఆ మెరుపు ఎంత సున్నితమైనదో ఆయనకు అనుభవపూర్వకంగా తెలియును.

1852లో రాయల్ సొసైటీవారి పత్రికలో ఆయన ప్రకటించిన వ్యాసంలో ఆ ప్రయోగం వర్ణింపబడినది. గాలిపంపుతో చాలవరకు ఖాళీ చేసిన గాజుపాత్రలో మెరుగు పెట్టిన వెండిరేకునుంచి, దానికి అతి సమీపంగా ఒక ఉక్కు సూదిని నిలిపారు. పాత్రలో పలుచని వాయువు మిగిలియుండగా, కొత్తగా వాడుకలోనికి వచ్చిన రూమ్‌కార్ఫ్ తీగచుట్ట ద్వారా సూదికి, రేకుకు నడుమ విద్యుత్తును ప్రవహింపజేశారు. రేకు ధనధ్రువంగా ఉన్నపుడు సూదికి ఎదురుగా నల్లని మరక ఏర్పడి, చుట్టూ రంగురంగుల వలయాలు కనిపించాయి. ధ్రువాలను తారుమారు చేసి రేకును ఋణధ్రువం చేయగా మరక క్రమంగా తొలగిపోయినది. కాని ఆ చోట మునుపటి అద్దపు మెరుపు రాలేదు.

ఇక్కడ ఒక చిత్రమున్నది. ఒకే ఏర్పాటు ఒక దిశలో మరకను పెట్టుచున్నది, మరొక దిశలో మరకను తీయుచున్నది. తీసినచోట మెరుపును తగ్గించుచున్నది. ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యం ఏ కోర్టులోను గ్రోవ్‌కు లభించి ఉండదు. ఐనప్పటికీ తీర్పు చెప్పడం ఆయనకు సాధ్యపడలేదు. వాయువులలోని కణాలు కూడ ద్రవాలలోవలె రెండు ధ్రువాలుగా వ్యవహరిస్తాయనీ, ఈ మరక రసాయనిక చర్యయొక్క ఫలితమనీ ఆయన భావించారు. మరకలో రసాయనిక చర్యకు పాలు ఉన్నమాట నిజమే. కాని ఋణధ్రువంనుండి లోహపు రేణువులు విడివడి ఎదుటి వస్తువుపై పేరుకొనడమనే మరొక విషయం కూడ ఆ పాత్రలో జరుగుచున్నదని తరువాతి శాస్త్రజ్ఞులు గుర్తించారు. అందుచేతనే విద్యుత్తువల్ల లోహం చెదరిపోయే ఈ విషయాన్ని మొదట గమనించినవాడుగా చరిత్రకారులు గ్రోవ్ పేరునే పేర్కొంటారు.

కణాలు కొట్టిన దెబ్బ

గ్రోవ్ మరణానంతరం ఒక్క ఏడాదికి, 1897లో, జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్ ఉనికిని నిరూపించారు. పరమాణువునుండి ఎలక్ట్రాన్ ఒకటి ఊడిపోతే మిగిలేది ధన విద్యుదావేశంగల అయాన్. గాజుపాత్రలోని పలుచని వాయువులో ఇట్టి అయాన్లు పుట్టి ఋణధ్రువంవైపు దూసుకొనిపోయి దానిని కొడతాయి. దీనినే అయాన్ తాడనం అంటారు. 1891లో సర్ విలియం క్రుక్స్ వివిధ లోహాలు ఇలా ఎంత తరుగుతాయో కొలిచి, దీనిని ఒక విధమైన బాష్పీభవనంగా తలచారు. 1909 ప్రాంతంలో జర్మనీ దేశీయుడు యోహానెస్ స్టార్క్ ఇది బాష్పీభవనం కాదు, బంతి బంతిని కొట్టినట్లు పరమాణువు పరమాణువును కొట్టడమేనని వాదించారు. ఏ వాదం సరియైనదో తేలడానికి చాలకాలం పట్టినది. 1955లో గాట్‌ఫ్రీడ్ వేనర్ ఒకే స్ఫటికంగానున్న లోహాన్ని తక్కువ శక్తిగల అయాన్లతో కొట్టి చూశారు. ఎగిరిన పరమాణువులు అన్ని దిక్కులకూ సమంగా పోక, స్ఫటికంలోని పరమాణు వరుసలకు అనుగుణమైన దిక్కులలో అధికంగా పోయి ఎదుటి తెరపై చుక్కలుగా పేరుకొన్నాయి. ఆవిరైతే ఇటువంటి దిక్కుల నియమాన్ని పాటించదు. దెబ్బ తిన్న వరుస మాత్రమే పాటిస్తుంది.

మన విద్యార్థులకు కేరమ్స్ ఆట కొత్త కాదు. స్ఫటికమంటే ముగ్గు చుక్కలవలె క్రమం తప్పక పేర్చిన పరమాణువుల కూర్పు. కేరమ్ బల్ల మధ్య గుంపుగా పేర్చిన బిళ్ళలను స్ట్రైకర్‌తో కొట్టినపుడు దెబ్బ మొదటి బిళ్ళతో ఆగదు. అది పక్కదానిని, ఆ పక్కది మరొకదానిని నెట్టుతుంది. స్ఫటిక ఉపరితలంపై అయాన్ చేసే పని అచ్చముగా ఇదే. 500 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిగల ఆర్గాన్ అయాన్ సెకనుకు సుమారు 49 కిలోమీటర్ల వేగంతో వచ్చి తగులుతుంది. అణుశాస్త్రజ్ఞుల దృష్టిలో ఇది చాల తక్కువ శక్తియే. అందుచేతనే అది లోతుకు పోలేదు. తన బలమంతా పైనున్న కొద్ది పొరలలోనే వెచ్చిస్తుంది. లోపల చెలరేగిన గుద్దులాట సెకనులో లక్ష కోట్లవ వంతు కాలంలో దాదాపుగా ముగిసిపోతుంది.

వెండి ఉపరితలంనుండి ఒక పరమాణువును పెరికివేయడానికి కావలసిన శక్తి సుమారు 3 ఎలక్ట్రాన్ వోల్టులు. మరి 3 వోల్టుల అయాన్ దానిని ఎందుకు ఎగురగొట్టలేదు? సమాధానం కేరమ్ బల్లమీదనే ఉన్నది. స్ట్రైకర్ ముందుకు పోతుంది, బిళ్ళలనూ ముందుకే నెట్టుతుంది. ఏదైనా ఒక బిళ్ళ వెనుదిరిగి మనవైపు రావాలంటే దెబ్బ అనేక మలుపులు తిరగాలి. ప్రతి మలుపులోను శక్తి వ్యయమవుతుంది. ఆ కారణంగా ఆర్గాన్ అయాన్‌కు సుమారు 15 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటేనేగాని వెండి పరమాణువు బయటపడదు. శక్తి 500కు చేరినపుడు ఒక్కొక్క అయాన్ సగటున 3 వెండి పరమాణువులను ఎగురగొట్టగలదు. సిలికాన్ విషయంలో అదే శక్తికి సగటు సుమారు సగం మాత్రమే. అనగా రెండు దెబ్బలకు ఒక పరమాణువు.

ఎగిరిపోయినవానికంటె మిగిలినవాని స్థితి మరింత ఆసక్తికరం. వెండి స్ఫటికపు లోపల ప్రతి పరమాణువుకు 12 మంది ఇరుగుపొరుగువారు ఉంటారు. మిక్కిలి దట్టమైన పైపొరలో 9 మందే. కనుక పైపొరవారి పట్టు కొంత సడలియుంటుంది. దెబ్బ తగిలిన తరువాత ఒకచోట పరమాణువు లేని ఖాళీ ఏర్పడుతుంది. స్థానం తప్పిన మరొకటి పైకెక్కి, సభలో కుర్చీ దొరకనివానివలె ఉపరితలంపై ఒంటరిగా నిలుస్తుంది. ఇంకొకటి వరుసల నడుమ ఇరుకున దూరుతుంది. కొట్టిన ఆర్గాన్ కూడ అప్పుడప్పుడు లోపలనే చిక్కుకొంటుంది. వీటినే స్ఫటిక లోపాలని వ్యవహరిస్తారు.

ఉపరితలం మిక్కిలి చల్లగా ఉంటే ఈ లోపాలు పుట్టినచోటనే ఉంటాయి. కొంచెం వెచ్చనైతే ఖాళీలు సంచరించి, ఒకదానితో ఒకటి కలిసి, ఒక్క పరమాణువు లోతుగల చిన్న గుంటలుగా ఏర్పడతాయి. బిన్నిగ్, రోరర్ అనే శాస్త్రజ్ఞులు 1981లో జ్యూరిచ్ సమీపాన నిర్మించిన సూక్ష్మదర్శిని ఇట్టి గుంటలను చూడడానికి వీలు కలిగించినది. 1990 ప్రాంతంలో జర్మనీ పరిశోధకులు ప్లాటినం ఉపరితలంపై అయాన్లు చేసిన గుంటలను ఆ పరికరంతో స్పష్టంగా చిత్రించారు. ఆ సూక్ష్మదర్శినిలోనూ పని చేసేది ఒక సూదియే. ఉపరితలానికి మిక్కిలి దగ్గరగా నిలిపిన సూది. గ్రోవ్ సూదికి, ఈ సూదికి మధ్య 129 సంవత్సరాల కాలం గడచినది.

గాయము, మందు

మన ఊళ్ళలో రాగిపాత్రలకు కళాయి వేసేవానిని చూచినవారికి తరువాతి మాట సులభంగా బోధపడుతుంది. కళాయి అన్న మాట ఉర్దూలోనూ తెలుగులోనూ మనవారి నోట ఒక్కటే. పాత్రకు తళతళలాడే పూత పూయడానికి ముందు అతడు చేసే పని ఏమి? ఇసుకతో, బూడిదతో పాత్రను గరగర రుద్దుతాడు. చూచేవానికి పాత్రను పాడుచేస్తున్నట్లే ఉంటుంది. మురికి పోవాలంటే గీతలు పడక తప్పదు. తరువాత నిప్పుమీద కాచి, పూత పూస్తాడు.

నేటి ప్రయోగశాలలలో స్ఫటిక ఉపరితలాన్ని శుద్ధిచేసే విధానం కూడ ఇట్టిదే. 1950వ దశకంలో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో ఫార్న్స్‌వర్త్, ఆయన సహచరులు దీనిని రూపొందించారు. మొదట ఆర్గాన్ అయాన్లతో కొట్టి పైనున్న మాలిన్యాన్ని పరమాణువు పరమాణువుగా తొలగిస్తారు. ఆ తాడనంవల్ల స్ఫటికం దెబ్బ తింటుంది. అప్పుడు దానిని వేడిచేస్తారు. వేడిమికి పరమాణువులు కదలి తమ తమ స్థానాలకు చేరుకొంటాయి, ఖాళీలు పూడుతాయి, చిక్కుకొన్న వాయువు బయటపడుతుంది. ఒకసారి చాలకపోతే మళ్ళీ కొట్టి, మళ్ళీ కాచుతారు. అన్ని వస్తువులూ ఒకే విధంగా కోలుకోవు. లోహాలు తొందరగా కుదుటపడతాయి. సిలికాన్ పైపొర దెబ్బలకు తన క్రమాన్నే కోల్పోతుంది. దానిని తిరిగి దారికి తేవడానికి అధికమైన వేడిమి అవసరం.

మరొక విశేషం. లోపాలన్నీ నష్టకరాలు కావు. ఖాళీల వద్ద, మెట్లవంటి అంచుల వద్ద పరమాణువుల పట్టు అసంపూర్ణంగా ఉంటుంది. కనుక అక్కడ రసాయనిక చర్యలు చాల సందర్భాలలో సులభమవుతాయి. కొత్త పూత అంకురించడానికి కూడ అవే తావులు. ఎగిరిన లోహాన్ని పట్టి మరొక వస్తువుపై పలుచని పొరగా పరచే విద్యనుండి కంప్యూటరు చిప్పుల తయారీవరకు ఎన్నో పరిశ్రమలు ఈ చిన్న దెబ్బపై ఆధారపడి పెరిగాయి. 1852లో రేకును తుడిచివేసి ఉంటే ఈ విషయానికి తొలి సాక్షిగా గ్రోవ్ పేరు మనకు వినిపించేది కాదు.

న్యాయస్థానంలో

ఆ వ్యాసం ప్రకటించిన మరుసటి ఏడాది, 1853లో, గ్రోవ్ రాణిగారి న్యాయవాది హోదాను పొందారు. 1856లో ఇంగ్లండును ఉర్రూతలూగించిన రూజ్లీ విషప్రయోగపు కేసులో ముద్దాయి డాక్టరు విలియం పామర్ పక్షాన వాదించినవారిలో ఆయన ఒకరు. మరణానికి కారణమని ఆరోపింపబడిన విషం ఆనవాలు మృతుని శరీరంలో పరీక్షలో దొరకలేదు. శాస్త్రజ్ఞులు రెండు పక్షాలుగా చీలి సాక్ష్యమిచ్చారు. చివరకు ముద్దాయికి మరణశిక్ష పడినది. రసాయన శాస్త్రం, న్యాయశాస్త్రం రెండూ తెలిసిన న్యాయవాదికి ఆ బోనుముందు నిలబడడం ఎంత కఠిన పరీక్షో ఊహించుకోవచ్చును.

1866లో నాటింగ్‌హామ్‌లో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ మహాసభకు గ్రోవ్ అధ్యక్షత వహించారు. ప్రకృతిలో ఏదీ హఠాత్తుగా పుట్టదనీ, అన్నీ క్రమానుగతంగా సాగుతాయనీ ఆనాడు ప్రసంగించారు. 1871లో న్యాయమూర్తి పదవి, 1872లో సర్ బిరుదు లభించాయి. పేటెంటు తగాదాలు తన ముందుకు వచ్చినపుడు ఆయన తీర్పు సంగతి మరచి ఆ యంత్రాన్ని ఎలా మెరుగుపరచవచ్చునో ఆలోచించేవారని చెప్పుకొంటారు. 1887లో పదవీ విరమణ చేసి, మరుసటి ఏడాది రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ప్రకృతియందలి పరస్పర విరోధాన్నిగూర్చి ఉపన్యసించారు. 1896 ఆగస్టు 1వ తేదీన లండన్‌లో పరమపదించారు.

ముగింపు

గ్రోవ్ జీవితంలో ఒక లోటు కనిపించకపోదు. ఇంధన ఘటాన్ని కనుగొని వదలివేశారు. విద్యుద్దీపాన్ని సూచించి ఊరుకొన్నారు. మరకను చూచికూడ దాని అసలు కారణాన్ని చెప్పలేకపోయారు. న్యాయవాద వృత్తి ఆయన పరిశోధనా జీవితంనుండి ఎన్ని సంవత్సరాలను తీసుకొన్నదో లెక్కించలేము. ఇల్లు గడవడానికి ఇష్టమైన చదువును తగ్గించుకొనవలసి రావడం మన విద్యార్థులలో చాలమందికి తెలిసిన బాధయే. అట్టివారికి ఆయన చరిత్ర ఒక ధైర్యం. పూర్తిచేయలేకపోయిన పనికూడ నిజాయితీగా వ్రాసిపెట్టినచో వృథా పోదు. తాను చూసినది చూసినట్లు, మరకను మరకగా, వలయాలను వలయాలుగా ఆయన నమోదు చేశారు. ఆయన ఊహలో కొంత నిలువలేదు, ఆయన చూపు నిలిచినది.

స్ఫటికానికి దెబ్బ తగిలినపుడే దానిలో పరమాణువులు ఎలా కట్టుబడియున్నవో మనకు తెలిసినది. దెబ్బ తిన్న స్ఫటికానికి తగినంత వేడిమి, తగినంత వ్యవధి ఇస్తే చాలవరకు కోలుకొంటుందనికూడ తెలిసినది. పరీక్షలో తప్పినవాడు, ప్రయోగంలో లెక్క తప్పినవాడు ఈ రెండు మాటలనూ జ్ఞాపకముంచుకోవాలి. ప్రయోగశాలలో మీ రేకుమీద అనుకోని మరక పడిననాడు గుడ్డకోసం వెదకకండి. ముందు నోటుపుస్తకం తెరవండి.